రోజుకో మజిలీ

ప్రశ్న: నవలలు తప్ప వేరే పుస్తకం పట్టుకుంటే పది పేజీలు దాటలేకపోతున్నానండీ. ఈ మధ్య మీరేం చదివారు? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రెండు నెలలుగా నేను ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్ర చరిత్ర’తోనే ఉన్నానమ్మా. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒక భాషలో మాటని ఇంకో భాషలో చెప్పే ఉద్యోగి. 1830 మేలో పరివారంతో బయల్దేరి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. రైలు లేని రోజులు. ఏ ఊళ్లో దిగడానికి చోటుంది, నీళ్లకి ఇబ్బందా, అంగళ్లున్నాయా, ఏ దారి కష్టం... అన్నీ రాసుకున్నారు. పాత భాష మొదట్లో నన్నూ ఆపేసింది. అప్పుడు పక్కన మ్యాప్ పెట్టుకుని రోజుకి ఒక్క మజిలీ చొప్పున చదివాను. అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు దాటేసరికి ఆ భాష మా ఇంటి పెద్దాయన మాటలా వినిపించడం మొదలైంది.

మా నాయనమ్మ దేవుడి గూట్లో సీలు వేసిన గంగచెంబు ఉండేది. అది రైల్లో వచ్చింది. అంతకుముందు తరాల వాళ్లకి అలాంటి చెంబు ఇల్లు చేరడమంటే ఏమిటో ఈ పుస్తకం చదివాకే తెలిసింది.

మధ్యలో డాక్టర్ పి. శ్రీదేవిగారి ‘కాలాతీత వ్యక్తులు’ నవల మళ్లీ చదివాను. కాలేజీ రోజుల్లో అందులోని ఇందిర మీద కోపం వచ్చింది. ఇప్పుడు, ఉద్యోగం చేస్తూ తండ్రిని పోషించే ఆ పిల్ల టెన్షన్ ముందు కనిపించింది. కోపం మిగల్లేదు.

మీరు యాత్రని తిరుగు ప్రయాణం నుంచి మొదలుపెట్టండి. కోస్తా మీదుగానే వచ్చారు, తెలిసిన ఊళ్లు చాలా తగులుతాయి.