మొహమాటం విడిచి రా తల్లీ

చిరంజీవి స్వాతికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఉట్రెక్ట్‌లో ఉద్యోగం ఖాయమైందని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నీకు రాయాలనుకుంటున్నాను. నువ్వు ముందు వస్తావు, అమ్మానాన్నలు ఏప్రిల్‌లో చూడడానికి వస్తారట. నెదర్లాండ్స్ అంటే తులిప్ పూలు, గాలిమరలు, చెక్క చెప్పులు అని వాళ్లు వినే ఉంటారు. డచ్ వాళ్లు పిసినారులనీ, మొహం మీదే అనేస్తారనీ నువ్వు వినే ఉంటావు. పూలూ మరలూ నాలుగు రోజులు చూసి వెళ్లేవాళ్ల సంగతి. నీకు రోజూ ఎదురయ్యేవి ఆ రెండో రకం మాటలే కాబట్టి ముందు వాటి గురించి చెబుతాను.

ఇక్కడ ఎవరింటికైనా కాఫీకి వెళ్తే బిస్కెట్ల డబ్బా తెస్తారు. నువ్వు ఒకటి తీసుకున్నాక మూత పెట్టేయడం ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంది. దాన్ని పిసినారితనం అనుకోకు. మన ఇళ్లలో మొదటిసారి వద్దంటాం, రెండోసారి చాలంటాం, మూడోసారి బతిమాలితే తీసుకుంటాం. ఇక్కడ నువ్వు వద్దంటే వద్దనే. నీ మాటను నమ్మి ఊరుకుంటారు, అంతే. ఆకలిగా ఉంటే ఉందని చెప్పు, సంతోషంగా పెడతారు. మొహమాటపడి కూర్చుంటే నువ్వు పస్తులుంటావు, వాళ్లకు ఆ సంగతి తెలియనే తెలియదు.

ఆఫీసులోనూ అంతే. నువ్వు రాత్రంతా కూర్చుని తయారుచేసిన పనిని చూసి, మీటింగులో అందరి ముందు, పై అధికారి ఎదుటే, "ఇది కుదరదు" అంటుంది పక్క సీటు అమ్మాయి. మధ్యాహ్నం పన్నెండున్నరకు ఆ అమ్మాయే నిన్ను భోజనానికి పిలుస్తుంది. భోజనం అంటే రెండు బ్రెడ్డు ముక్కలు, మధ్య చీజు, పక్కన గ్లాసుడు మజ్జిగ. అవును, మజ్జిగే. కర్నెమెల్క్ అని అట్టపెట్టెల్లో అమ్ముతారు, చిక్కగా పుల్లగా ఉంటుంది, ఉప్పు వేసుకుంటే మన నోటికి బాగానే ఉంటుంది. ఆ బల్ల దగ్గర ఆమె ముఖంలో పొద్దున్నటి మాట ఛాయ కూడా కనిపించదు. ఆమె తప్పు పట్టింది పనిని, నిన్ను కాదు. నీకూ ఆమె పని నచ్చకపోతే కారణం చూపించి చెప్పు. చెప్పకుండా ఊరుకుంటేనే వాళ్లకు నీ మీద నమ్మకం తగ్గుతుంది. మనం "చూద్దాం" అని తప్పించుకుంటాం చూడు, ఆ అలవాటు మాత్రం మానుకో. వాళ్లు దాన్ని ఒప్పుకోలుగా రాసుకుని శుక్రవారానికి పని అడుగుతారు.

డాక్టరు దగ్గరా ఇదే పద్ధతి. ఇక్కడ ముందు ఇంటి డాక్టరు దగ్గరకే వెళ్లాలి, స్పెషలిస్టు దగ్గరకు ఆయన పంపితేనే వెళ్లగలం. జ్వరానికి పారాసిటమాల్ వేసుకుని పడుకోమంటారని మనవాళ్లందరి ఫిర్యాదు. ఎన్నాళ్లుగా ఉందో, దేనికి భయపడుతున్నావో, ఏ పరీక్ష అవసరమనుకుంటున్నావో స్పష్టంగా చెప్పు. ఓపిగ్గా వింటారు.

చెప్పకుండా ఎవరింటికీ వెళ్లకు. సాయంత్రం ఆరు గంటలకు అసలు వెళ్లకు, అది వాళ్ల భోజనాల వేళ. కలుద్దామంటే డైరీ తీసి మూడు వారాల తర్వాత తేదీ ఇస్తారు. మనసు చిన్నబుచ్చుకోకు. ఆ తేదీన వర్షమైనా గాలివానైనా చెప్పిన నిమిషానికి వచ్చి తలుపు కొడతారు. అందరూ కలిసి తిన్నాక ఎవరి వాటా వాళ్లు ఇవ్వాలని ఫోనుకు టిక్కీ, అంటే డబ్బు అడిగే సందేశం, వస్తుంది, నాలుగు యూరోలకు కూడా. బిల్లు కోసం కొట్లాడే మనకు మొదట ప్రాణం చివుక్కుమంటుంది. కానీ ఎవరూ ఎవరికీ రుణపడకుండా ఉండడంలో ఒక నిశ్చింత ఉందని నా అభిప్రాయం. ఈ వాటాలు లెక్కించే మనుషులే వారాంతాల్లో ఫుట్‌బాల్ క్లబ్బుల్లో, వృద్ధాశ్రమాల్లో జీతం లేకుండా పని చేస్తారు.

నీ పుట్టినరోజుకు ఆఫీసుకు కేకు నువ్వే పట్టుకెళ్లాలి. వాళ్ల ఇళ్లలో పుట్టినరోజులకు కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చుంటారు. లోపలికి వెళ్లగానే పుట్టినరోజు మనిషికే కాదు, తల్లికి, భర్తకు, అత్తగారికి అందరికీ చేయి కలిపి శుభాకాంక్షలు చెప్పాలి. బిడియపడకుండా ఒక్కొక్కరికీ చెప్పు.

ఇక అమ్మానాన్నల సంగతి. కూకెన్‌హోఫ్ తులిప్ తోట మార్చి మధ్య నుంచి మే మధ్య వరకే తెరిచి ఉంటుంది, టికెట్లు ముందే కొనాలి. ఏటా దాదాపు 70 లక్షల దుంపలు నాటుతారు, చూడాల్సిందే. కానీ బయటి పొలాల్లో పువ్వులు తెంపేసి, గట్ల మీద కుప్పలు పోసి ఉంటాయి. మీ అమ్మ అయ్యో అంటుంది. రైతుకు పంట పువ్వు కాదు, దుంప. పువ్వు తీసేస్తే దుంప ఊరుతుంది. ఫొటో కోసం ఆ మళ్లలోకి దిగనివ్వకు.

గాలిమరలకు కిండర్‌డైక్ తీసుకెళ్లు. 19 ఉన్నాయి, చాలావరకు 1740 ప్రాంతంలో కట్టినవి. పిండి విసరడానికి కాదు, పల్లపు నేలలోంచి నీరు తోడి పోయడానికి. ఆ పని ఇప్పుడు పంపులు చేస్తున్నాయి, దాని పన్ను ఏటా నీకూ వస్తుంది. 1953 ఫిబ్రవరి 1న సముద్రం కట్టలు తెంచుకుని వస్తే ఈ దేశంలో 1,836 మంది పోయారు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన గుర్తున్న మీ నాన్నగారికి ఆ లెక్క వేరేగా వివరించక్కర్లేదు. ఆయన్ని జీలాండ్ తీసుకెళ్లి ఓస్టర్‌స్కెల్డ అడ్డుకట్ట చూపించు. 62 ఉక్కు తలుపులు, తొమ్మిది కిలోమీటర్ల పొడవు, మామూలు రోజుల్లో తెరిచే ఉంచుతారు, తుఫాను వస్తే మూస్తారు. ఆమ్‌స్టర్‌డామ్ కాలువల్లో పడవ ఎక్కడం కన్నా ఇది ముఖ్యమని నేననుకుంటాను.

మీ అమ్మకు మాత్రం ఫ్రీస్‌లాండ్‌లోని హిండెలోపెన్. అక్కడి ఆడవాళ్ల పాత కాలపు పొడవాటి కోట్లకు వాడిన అచ్చు బట్ట మన కోరమాండల్ తీరం నుంచి వచ్చింది. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్ వర్తకులు బందరులో దిగారు, వాళ్ల సమాధులు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. కలంకారీ చీరలంటే ప్రాణం పెట్టే మనిషి, ఆ పువ్వుల తీగలు చూసి కదలదు.

ఎర్రటి సైకిల్ దారి మీద నడవొద్దని ఇద్దరికీ గట్టిగా చెప్పు. కాఫీషాప్ అని బోర్డున్న చోట గంజాయి అమ్ముతారు, కాఫీ కావాలంటే కఫేకు వెళ్లాలి. గొడుగులు వద్దు, గాలికి తిరగబడతాయి, వానకోట్లు తెమ్మను. ఆమ్‌స్టర్‌డామ్‌లో పాత ఇళ్ల మెట్లు దాదాపు నిచ్చెనంత నిటారుగా ఉంటాయి. సామాన్లు కిటికీలోంచి ఎక్కించడానికి ఇంటి నెత్తిన కొక్కేలు పెట్టుకున్నారంటే ఆలోచించు. మీ నాన్నగారి మోకాళ్లకు అవి పడవు. హోటల్ గది తీసుకునే ముందు లిఫ్టు ఉందా, గది వరకూ వెళ్తుందా అని రెండూ అడిగి తెలుసుకో.

ప్రేమతో,
పెద్దమ్మ