చుక్కల కాగితం, చూపున్న కలం

చేతిరాతను కంప్యూటర్‌లోకి ఎక్కించే డిజిటల్ కలాల గురించి ఈసారి మూడు ఉత్తరాలు వచ్చాయి. మొదటి ఉత్తరంలో అడిగినవి ఎక్కువ కాబట్టి దానికి ఎక్కువ చోటు ఇచ్చాను.

ప్రశ్న: ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. చాలా ఏళ్ళుగా మా చుట్టుపక్కల ఊళ్ళలో జముకుల కథలు, తప్పెటగుళ్ళ పాటలు వచ్చిన పెద్దల దగ్గర కూర్చుని విన్నది విన్నట్టు నోటు పుస్తకాలలో రాసుకుంటున్నాను. 2018లో తిత్లీ తుపానుకు ఇంటి మీది రేకులు లేచిపోయి, ట్రంకు పెట్టెలోకి నీళ్ళు దిగి, రెండు పుస్తకాలు ముద్దయిపోయాయి. కాగితం మీద రాస్తూ ఉంటేనే ఆ రాత కంప్యూటర్‌లోకి చేరే కలం ఉందని మా మనవడు అంటున్నాడు. అది మామూలు పుస్తకం మీద పనిచేస్తుందా? నా రాత టైపు అక్షరాలుగా మారుతుందా? పాత పుస్తకాలను ఏం చేయాలి?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, నరసన్నపేట

జవాబు: మాస్టారూ, మీ చివరి ప్రశ్నకే ముందు సమాధానం చెబుతాను. డిజిటల్ కలం ఇకమీదట రాయబోయేదాన్నే పట్టుకుంటుంది తప్ప, ఇదివరకు రాసిపెట్టిన పుస్తకాలను చదవలేదు. వాటికి ఫోను కెమెరాయే దారి. పగటి పూట కిటికీ పక్కన, పేజీ మీద మీ చేతి నీడ పడకుండా చూసుకుని, స్కానింగ్ యాప్‌తో ఒక్కొక్క పేజీనే తీయించండి. రెండు పేజీలు కలిపి తీస్తే కుట్టు దగ్గర అక్షరాలు వంగిపోతాయి. తడిసి అతుక్కున్న పేజీలను బలవంతంగా విడదీయకండి, వచ్చినంతవరకే తీయండి. ప్రతి ఫైలుకూ పాట వచ్చిన ఊరి పేరూ, రాసుకున్న సంవత్సరమూ పెట్టి, ఒక ప్రతిని ఇంట్లోనూ మరొకదాన్ని వేరే ఊళ్ళో ఉన్న బంధువుల దగ్గరో ఇంటర్‌నెట్ నిల్వలోనో ఉంచండి. ఈ పనికి కలం కొననక్కరలేదు.

ఇక కొత్త రాతల సంగతి. మార్కెట్‌లో డిజిటల్ కలం అనే పేరుతో పిలిచేవన్నీ ఒకే పద్ధతిలో పనిచేయవు, మామూలు పుస్తకం మీద రాయగలమా లేదా అన్నది ఆ పద్ధతిని బట్టే ఉంటుంది. నాకు అన్నిటికంటే ముచ్చటగా తోచేది చుక్కల కాగితం పద్ధతి. స్వీడన్‌కు చెందిన అనోటో సంస్థ దీన్ని రూపొందించింది. ఆ కాగితాన్ని చూస్తే లేత బూడిద రంగు పట్టినట్టుంటుంది కానీ, భూతద్దం పెట్టి చూస్తే సుమారు 0.3 మిల్లీమీటర్ల ఎడంలో చుక్కలు కనిపిస్తాయి. ప్రతి చుక్కా తాను ఉండవలసిన చోటు నుంచి పైకో, కిందికో, కుడికో, ఎడమకో కొంచెం జరిగి ఉంటుంది. అంటే ఒక్కొక్క చుక్క నాలుగు సంగతులలో ఒకటి చెబుతుంది. వరుసకు 6 చొప్పున 6 వరుసలు, మొత్తం 36 చుక్కలు చూస్తే చాలు, అది ఏ పుస్తకంలో ఏ పేజీలో ఏ మూలో కలానికి తెలిసిపోతుంది, ఎందుకంటే ఆ అమరిక మరెక్కడా మళ్ళీ రాదు. పాళీ పక్కనే ఉండే చిన్న కెమెరా మన కంటికి కనిపించని పరారుణ కాంతిలో సెకనుకు 70కి పైగా ఫొటోలు తీస్తూ పోతుంది. చుక్కలను కార్బన్ ఉన్న నల్ల సిరాతో అచ్చువేస్తారు, అవి పరారుణ కాంతిని పీల్చుకుని కెమెరాకు నల్లగా కనిపిస్తాయి. కలంలోని సిరాలో కార్బన్ ఉండదు కాబట్టి మన రాత కెమెరాకు కనపడదు, మన కంటికి మాత్రం కనిపిస్తుంది. బజారులో దొరికిన ఏదో ఒక జెల్ రీఫిల్‌ను అందులో దూర్చవద్దని చెప్పడానికి కారణం ఇదే: సిరాలో కార్బన్ ఉంటే మీ అక్షరమే చుక్కలను కప్పేసి కలాన్ని గుడ్డిదాన్ని చేస్తుంది.

ఆ కాగితాన్ని జిరాక్స్ తీయించి వాడుకోవచ్చు కదా అని అనిపిస్తుంది. జిరాక్స్‌లో చుక్కలు అలుక్కుపోతాయి. ఒకవేళ బాగానే పడ్డా, 50 ప్రతులు తీస్తే కలం దృష్టిలో అవి 50 పేజీలు కావు, ఒకే పేజీ. ఈ సంగతి నేను అనుభవం మీద నేర్చుకున్నాను. ఒకే వరుస సంఖ్య, అంటే ఒకే చుక్కల అమరిక ఉన్న పుస్తకాలను రెండు కొని, మొదటిది నిండాక దాన్ని యాప్‌లో మూసి భద్రపరచకుండానే రెండోది మొదలుపెట్టాను. వారం తర్వాత తెరిచి చూస్తే పెళ్ళి సరుకుల పట్టీ మీద ఒక ఉపన్యాసపు రాత ఎక్కి కూర్చుంది. తప్పు కలానిది కాదు, నాది. ఏ గీతను ఏ నిమిషంలో గీశానో నమోదై ఉంది కాబట్టి రెంటినీ విడదీయగలిగాను, కానీ ఒక ఆదివారం దానికే సరిపోయింది.

రెండో పద్ధతిలో పేజీ పై అంచుకు క్లిప్పులా ఒక చిన్న పెట్టెను తగిలిస్తారు. కలం ఒక్కసారే కాంతినీ, మనకు వినపడని ధ్వనినీ వదులుతుంది. కాంతి తక్షణం చేరుతుంది. ధ్వని మాత్రం 10 సెంటీమీటర్లు రావడానికి సెకనులో దాదాపు 3,400వ వంతు సమయం తీసుకుంటుంది. పెట్టెలోని రెండు మైకులకు ఆ ధ్వని ఎంత ఆలస్యంగా చేరిందో లెక్కవేస్తే పాళీ ఎక్కడుందో తేలుతుంది. ఏ కాగితమైనా పనికొస్తుంది కానీ, రాసేటప్పుడు చెయ్యి అడ్డుపడినా, పెట్టె కొంచెం జరిగినా గీత వంకర పోతుంది. మూడోది పలక పద్ధతి. జపాన్‌కు చెందిన వాకామ్ సంస్థ పలకలలో కలానికి బ్యాటరీయే ఉండదు. కాగితం కింద పెట్టిన పలక విద్యుదయస్కాంత క్షేత్రంతో కలంలోని తీగచుట్టకు శక్తినిచ్చి, తిరిగి దాని నుంచే జాడ తెలుసుకుంటుంది. మన పరీక్ష అట్టలా ఒళ్ళో పెట్టుకుని రాయవచ్చు, మామూలు కాగితమే చాలు. అయితే మీరు పేజీ తిప్పిన సంగతి పలకకు తెలియదు, కొత్త పేజీ అని ప్రతిసారీ మీట నొక్కి చెప్పాలి. పాట జోరులో ఉన్నప్పుడు ఆ మీట గుర్తుండదు.

మీరు చేసే పనిని బట్టి చూస్తే చుక్కల కాగితమే మేలని నా అభిప్రాయం. నాలుగు నెలల తర్వాత మరో ఊళ్ళో అదే పాటకు ఇంకో చరణం దొరుకుతుంది. మీరు పాత పేజీ తీసి అంచున చేర్చుకుంటారు. ఆ చేర్పు కంప్యూటర్‌లోనూ అదే పేజీ అంచుకు వెళ్ళి చేరాలంటే పేజీని గుర్తుపట్టే కలమే కావాలి. ఇబ్బందల్లా పుస్తకాలతోనే. కలాన్ని ఒక్కసారి కొంటాం, పుస్తకాలను మాత్రం కొంటూనే ఉండాలి, పైగా అవి నరసన్నపేట పుస్తకాల కొట్లో దొరికేవి కావు. ఏడాదికి మీకు ఎన్ని పుస్తకాలు పడతాయో లెక్కవేసి, వాటి ధరను కలం ధరకు కలిపి చూసుకున్నాకే నిర్ణయించుకోండి. రూళ్ళు ఎడంగా ఉన్న పుస్తకాన్నే తీసుకోండి. మన లిపిలో పై వరుస వత్తులు కిందికి దిగుతాయి, కింది వరుస గుడులు పైకి లేస్తాయి. ఇరుకు రూళ్ళలో ఆ రెండూ ఢీకొంటే మనిషే తడబడతాడు, యంత్రం సంగతి చెప్పనక్కరలేదు.

టైపు అక్షరాల విషయంలో ఆశ కొంచెం తగ్గించుకోవాలి. కొన్ని కలాల వెంట వచ్చే సాఫ్ట్‌వేర్ ఇంగ్లీషు రాతనే గుర్తుపడుతుంది, కాబట్టి భాషల పట్టికలో తెలుగు ఉందో లేదో కొనకముందే చూడాలి. ఫోనులో టైపు చేయడానికి వాడే గూగుల్ జీబోర్డు యాప్‌లో తెలుగు చేతిరాతను గుర్తించే సదుపాయం ఉంది; ఫోను తెర మీద వేలితో ఒక వాక్యం రాసి చూస్తే ఈ విద్య ఎంతవరకు వచ్చిందో మీకే తెలుస్తుంది. కలం రాతలో ఫొటోకు లేని సదుపాయం ఒకటుంది. ఏ గీత ముందు, ఏ గీత తర్వాత అన్న వరుస కూడా నిలిచి ఉంటుంది కాబట్టి గుర్తించడం కొంత తేలికవుతుంది. అయినా ద, ధ, థ లకు మధ్య ఉన్న తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క మాత్రమే.

మీ విషయంలో నాకు అంతకంటే పెద్ద భయం ఇంకొకటుంది. ఈ సాఫ్ట్‌వేర్ అక్షరాన్ని మాత్రమే చూడదు, ఎక్కువగా వాడుకలో ఉన్న మాటల వైపు మొగ్గుతుంది. పాడిన పెద్దాయన ‘సెప్పినాడు’ అన్నాడని మీరు అలాగే రాస్తే, అది ‘చెప్పినాడు’గా మారి రావచ్చు, మన ‘ఏటి’ని ఏ ‘ఏమిటి’గానో సవరించవచ్చు. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి సవర గిరిజనుల నోట విన్న మాటలను విన్నట్టే రాసుకున్నారు కాబట్టే 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వెలువడ్డాయి. మీరు చేస్తున్నదీ అటువంటి పనే. కాబట్టి మీ చేతిరాత చిత్రాన్నే అసలు ప్రతిగా ఉంచుకోండి, టైపు రూపాన్ని వెతుక్కోవడానికి పనికొచ్చే చిత్తుప్రతిగానే చూడండి.

రాసింది కలంలోనే నిల్వ ఉండి, తర్వాత ఫోనుకో కంప్యూటర్‌కో చేరుతుంది, కాబట్టి సిగ్నల్ లేని ఊళ్ళోనైనా రాసుకోవచ్చు, బయలుదేరే ముందు ఛార్జింగ్ చూసుకుంటే చాలు. నెలకొకసారి అన్ని పేజీలనూ పీడీఎఫ్‌గా బయటికి తీయించి పెట్టుకోండి. కలం పదేళ్ళు పనిచేసినా, దానితో మాట్లాడే యాప్ అంతకాలం ఉంటుందన్న హామీ లేదు.

ప్రశ్న: విజయనగరంలో వీణ నేర్చుకుంటున్నాను. పాఠంలో స్వరాలు రాసుకుంటాను గానీ, ఇంటికొచ్చాక ఆ గమకం ఎలా పలికిందో గుర్తుండదు. రాతతో పాటు ధ్వనిని కూడా పట్టుకునే కలం ఉందట, అది నాకు ఉపయోగపడుతుందా?
— సంగీత విద్యార్థిని, విజయనగరం

జవాబు: ఉపయోగపడుతుందమ్మా, ఇటువంటి కలం అసలు ప్రయోజనం నీ వంటివారికే ఎక్కువ. లైవ్‌స్క్రైబ్ సంస్థ 2008లో తెచ్చిన పల్స్ కలం ఈ పద్ధతికి బాగా పేరు తెచ్చింది. పై ఉత్తరంలో వివరించిన చుక్కల కాగితమే దీనికీ ఆధారం. కలంలో మైకు ఉంటుంది. ప్రతి గీతతో పాటు దాన్ని గీసిన క్షణమూ నమోదవుతుంది. తర్వాత నువ్వు కాగితం మీది స్వరాన్ని కలంతో తాకితే, ఆ స్వరం రాస్తున్నప్పుడు గదిలో వినిపించినదే మళ్ళీ వినిపిస్తుంది.

ఇందులో ఒక చిక్కుంది. గురువుగారు ముందు వాయిస్తారు, నువ్వు విన్నాక రాస్తావు, కాబట్టి తాకినప్పుడు వచ్చేది తర్వాతి ముక్క అవుతుంది. గురువుగారు సంగతి వాయించడం మొదలుపెడుతుండగానే అంచున ఒక చిన్న అడ్డగీత గీసి పెట్టుకుని, స్వరాలను తర్వాత నింపుకో, వినాలనుకున్నప్పుడు ఆ అడ్డగీతనే తాకు. మైకు పాళీకి దగ్గరగా ఉండటం వల్ల రాతచప్పుడు కూడా వీణతో పాటు వినిపిస్తుంది; గమకం సాగుతున్నంతసేపూ కలం ఎత్తి పట్టుకో.

స్థాయి చుక్కల విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. తారస్థాయికి పైన, మంద్రస్థాయికి కింద పెట్టే చుక్కను మనం అలవాటుగా పాళీతో తాకీతాకనట్టు పెట్టి వదిలేస్తాం. పాళీ మీద ఒత్తిడి పడితేనే కలం మేలుకుంటుంది, అంత తక్కువ సేపట్లో కెమెరాకు ఒకటి రెండు ఫొటోలకు మించి అందవు. కాగితం మీద కనిపించే చుక్క కంప్యూటర్‌లో లేకుండా పోవచ్చు. చుక్కకు బదులు చిన్న సున్న చుడితే ఈ బాధ ఉండదు. ఈ స్వరలిపిని టైపు అక్షరాలుగా మార్చే ప్రయత్నం చేయకు. స్వరం కింది చుక్కనూ కాలం చూపే గీతనూ సాఫ్ట్‌వేర్ వత్తు అనుకోవచ్చు.

ధ్వనిని నమోదు చేసే ముందు గురువుగారి అనుమతి తీసుకో. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులుగా 1919లో సంగీత కళాశాల మొదలైన ఊరు మీది. అక్కడ ఎదురుగా కూర్చుని చెవితో పట్టుకునే విద్యకు ఉన్న గౌరవం నీకు నేను చెప్పవలసింది కాదు. తర్వాత తెలిసి నొచ్చుకునేకంటే ముందే అడిగితే మంచిది.

ప్రశ్న: మాది జీడి వ్యాపారం. రోజూ వచ్చే పిక్కల బస్తాల లెక్కను గుమస్తా చేత్తో చిట్టాలో రాస్తాడు, రాత్రికి నేను కంప్యూటర్‌లో ఎక్కించుకుంటాను. డిజిటల్ కలం కొంటే ఈ రెండో పని తప్పుతుందా?
— ఒక వ్యాపారి, పలాస

జవాబు: తప్పదండి. కలం చిట్టా పేజీ బొమ్మను కంప్యూటర్‌లో పెడుతుంది, అంకెలను టైపుగా కూడా మార్చి చూపించవచ్చు. కానీ మాటలో ఒక అక్షరం తప్పితే చదివేవారు సర్దుకుంటారు, లెక్కలో అలా కుదరదు. గుమస్తా హడావుడిలో రాసిన 1ని 7గా చదివితే 80 కిలోల బస్తాలు 6 ఎక్కువ పడతాయి, అంటే 480 కిలోలు. దాన్ని పట్టుకోవడానికి ప్రతి వరుసనూ మళ్ళీ చిట్టాతో పోల్చుకోవాలి, అది ఇప్పుడు మీరు చేస్తున్న పనికంటే తక్కువేమీ కాదు. గుమస్తాకే ఫోనులో అంకెల మీటలతో లెక్కల పట్టిక నింపడం నేర్పించండి, చిట్టా పేజీని రోజూ ఫొటో తీసి ఉంచండి. రైతుతో తూకం దగ్గర మాట తేడా వచ్చినప్పుడు ఆ ఫొటో, తూకం చీటీ రెండూ పక్కపక్కన పెట్టి చూపించవచ్చు.