ఆ సినిమా చూసి కజకిస్తాన్‌ను అంచనా వేయొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఎంబీబీఎస్‌కి కజకిస్తాన్‌లోని అల్మాటీ వెళ్తున్నాడు. మా చుట్టాలొకరు ‘బోరాట్’ సినిమా క్లిప్పులు పంపి, ‘ఇలాంటి దేశానికా పంపేది?’ అంటున్నారు. అవి చూసినప్పటి నుంచి ఒకటే టెన్షన్. అక్కడి జనం నిజంగా అలాగే ఉంటారా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: లేదమ్మా. అది కామెడీ సినిమా. అమెరికా తిరిగే బోరాట్ అనే కల్పిత కజక్ విలేకరి అందులో తన దేశాన్ని మొరటుగా, వెనకబడినదిగా చూపిస్తాడు. ఆ క్లిప్పుల్లో మీరు చూసిన ఊరు అసలు కజకిస్తాన్‌లోనే లేదు, రొమేనియాలో ఉంది. గ్లోద్ అనే పేదపల్లె. మా మీద డాక్యుమెంటరీ తీస్తున్నారనుకున్నాం అని ఆ ఊరివాళ్లు తర్వాత కోర్టుకెక్కారు కూడా, లాభం లేకపోయింది. ఇక బోరాట్ నోట కజక్ భాషలా వినిపించేది చాలావరకు హీబ్రూ.

ఆ వేషం వేసిన సాషా బారన్ కోయెన్ బ్రిటన్ నటుడు. 2006 నాటి ఆ సినిమాలో ఆయన గురి అమెరికన్ల మీద, వాళ్ల మనసుల్లో దాగిన ద్వేషం మీద. ఆ పని బాగా చేశాడు, కాదనను. కానీ అందుకు వాడుకున్నది చాలామందికి పేరు తప్ప ఏమీ తెలియని దేశాన్ని. ఫ్రాన్స్ గురించి అలా చెబితే ‘ఛ, అబద్ధం’ అనేవాళ్లం, కజకిస్తాన్ గురించి కాబట్టి నమ్మేశాం. తెలుగు కుటుంబంలో పుట్టిన అమెరికన్ కమెడియన్ హరి కొండబోలు 2017లో తీసిన డాక్యుమెంటరీలో చెప్పిన బాధ కూడా ఇలాంటిదే: ‘ది సింప్సన్స్’ అనే అమెరికన్ కార్టూన్ సీరియల్లోని అపు అనే భారతీయ కొట్టు యజమాని యాసతో తనలాంటి పిల్లల్ని ఏడిపించేవాళ్లని.

2012లో కువైట్‌లో తుపాకీ షూటింగ్ పోటీలు జరిగాయి. స్వర్ణం గెలిచిన కజక్ అమ్మాయి గుండె మీద చెయ్యి వేసుకుని నిలబడితే, స్పీకర్లలో వచ్చింది ఆ దేశ గీతం కాదు, ఈ సినిమాలోని బూతు పేరడీ. పాట అయ్యేదాకా ఆమె చెయ్యి దించలేదు. అది చూస్తే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

మొదట మండిపడిన ప్రభుత్వం తర్వాత దారి మార్చుకుంది. సినిమా వల్ల వీసాలు పెరిగాయని అదే 2012లో విదేశాంగ మంత్రి కృతజ్ఞత చెప్పారు, 2020లో టూరిజం వాళ్లు బోరాట్ ఊతపదం ‘వెరీ నైస్’నే నినాదంగా పెట్టుకున్నారు. తెలివైన పనే అంటారు చాలామంది, నాకైతే ఇంకొకడి జోకుతో తమను తాము పరిచయం చేసుకోవాల్సి రావడం అన్యాయమే అనిపిస్తుంది.

మీ చుట్టాలకు చెప్పండి, 1984లో మన రాకేశ్ శర్మ అంతరిక్షానికి బయల్దేరిన బైకనూర్ ఆ దేశంలోనే ఉంది, మనం తినే ఆపిల్ పుట్టిల్లు అల్మాటీ చుట్టుపక్కల కొండలే. మీరు చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి: అక్కడి చలికి సరిపడా బట్టలు, కాలేజీలో కనీసం 54 నెలల కోర్సు ఇంగ్లిష్‌లోనే ఉందా, ఏడాది ఇంటర్న్‌షిప్ అక్కడే చేయిస్తారా అన్నవి. కోర్సు, ఇంటర్న్‌షిప్ గురించిన ఈ రెండూ మన దేశంలో వైద్య విద్యను నియంత్రించే జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) నిబంధనలు అడిగేవి, ఫీజు కట్టేముందే రాతపూర్వకంగా తెప్పించుకోండి.