సైకిల్ హెడ్‌సెట్ కప్పులు ఇంట్లోనే దించాలంటే సుత్తి వద్దు, థ్రెడ్ రాడ్ చాలు

అల్యూమినియం సైకిల్ ఫ్రేముకు 1 1/8 అంగుళాల కొత్త హెడ్‌సెట్ (హ్యాండిల్ తేలిగ్గా తిరిగేలా చేసే బేరింగుల జత) కొన్నానని, దాని కప్పులను ఫ్రేములోకి నొక్కి దించే ప్రెస్ ఖరీదు భరించలేనని, చెక్క అడ్డుపెట్టి సుత్తితో కొట్టవచ్చా అని ఒకరు అడిగారు. కొట్టకండి. బరువైన ఇనుప సైకిళ్లకు మన మెకానిక్కులు అలాగే కొడతారు, ఆ ఫ్రేములు తట్టుకుంటాయి కూడా. అల్యూమినియం మెత్తన. కప్పు ఒక పక్కకు ఒరిగి దిగితే హెడ్ ట్యూబు (ఫ్రేము ముందుభాగంలో కప్పులు కూర్చునే గొట్టం) లోపలి గోడను చెక్కేస్తుంది. అలా గుండ్రతనం పోయిన ట్యూబులో ఏ కప్పూ గట్టిగా నిలవదు.

నేను ఇంట్లో వాడేది హార్డ్‌వేర్ షాపులో దొరికే 12 మి.మీ. థ్రెడ్ రాడ్, అంటే పొడవునా మరలున్న కడ్డీ. హెడ్ ట్యూబు కంటే ఒక జానెడు పొడవు ఎక్కువుండేలా కోయించుకోండి. రెండు నట్లు, రెండు స్పానర్లు, కప్పు అంచు మొత్తాన్ని కప్పేంత పెద్ద మందపాటి వాషర్లు తీసుకోండి. పలుచని వాషరు ఒత్తిడికి గిన్నెలా వంగిపోతుంది, అందుకే రెండు మూడు కలిపి వేస్తాను. కప్పులో బేరింగు ఉంటే ముందే తీసేయండి. ఒత్తిడి కప్పు అంచు మీదే పడాలి, బేరింగు మీద పడకూడదు.

దించే ముందు కొలవండి. బేరింగు కప్పు ట్యూబు బయట కనిపించే రకమైతే రంధ్రం 34 మి.మీ.కు కాస్త లోపుగా, కప్పు 34కు కాస్త పైగా ఉంటుంది. తేడా 0.1 మి.మీ. దగ్గర ఉంటే చక్కగా బిగుస్తుంది. 0.25 దాటితే ఆగిపోండి, అది మీ ఫ్రేముకు సరిపడే కప్పు కాదు. బేరింగు నేరుగా ఫ్రేములోనే కూర్చునే రకమైతే ఈ శ్రమే లేదు, గ్రీజు రాసి చేత్తో పెడితే చాలు.

ట్యూబు అంచు మీద పెయింటు పేరుకుని ఉంటే గీకేయండి. రంధ్రంలో పలుచగా గ్రీజు రాయండి. కప్పును ఫ్రీజర్‌లో పెట్టమని చాలామంది చెబుతారు. 34 మి.మీ. అల్యూమినియం కప్పు 45 డిగ్రీలు చల్లబడితే తగ్గేది దాదాపు 0.035 మి.మీ. మాత్రమే. కొంత సాయమే కానీ, బయటికి తీయగానే తేమ పడుతుంది, నిమిషాల్లో మళ్లీ వేడెక్కుతుంది. నేను ఆ పని మానేశాను.

అసలు కీలకం మొదటి రెండు మిల్లీమీటర్లలో ఉంది. రెండు కప్పులూ ఒకేసారి లాగితే ఏది ఒరుగుతోందో తెలియదు, ఒక్కొక్కటిగానే దించండి. రాడ్డును కప్పులోంచీ ట్యూబులోంచీ దూర్చి, కప్పు మీద వాషరు, నట్టు వేయండి; రెండో చివర ట్యూబు అంచుకు చెక్క గానీ రబ్బరు గానీ అడ్డుపెట్టి వాషరు, నట్టు వేయండి. ఈ రాడ్డు మీద నట్టు ఒక చుట్టు తిరిగితే 1.75 మి.మీ. కదులుతుంది. కాబట్టి మొదట పావు చుట్టు తిప్పి ఆగండి, కప్పుకూ ట్యూబుకూ మధ్య సందు చుట్టూ సమానంగా ఉందో లేదో చూడండి. ఒక పక్క ఎక్కువుంటే నట్టు వదులు చేసి, కప్పు తీసి మళ్లీ మొదలుపెట్టండి. ఒరిగినదాన్ని బిగిస్తూ సరిచేయాలని చూడకండి. నిటారుగా పట్టుకున్నాక మిగతాది ఆరేడు చుట్లలో దిగిపోతుంది. చివర్లో స్పానరు ఒక్కసారిగా బిగుసుకుంటుంది. టార్చి వెలుగు సందులోంచి కనిపించకపోతే కూర్చున్నట్టే.

ఫోర్కు మీద, స్టీరర్ (ఫోర్కు నుంచి పైకి వెళ్లే గొట్టం) అడుగున కూర్చునే రేసును, అంటే కింది బేరింగు ఆనే రింగును, దించడానికి పైపు కావాలి. ఒక అంగుళం జీఐ పైపు సరిపోతుందనుకుంటారు, దాని లోపలి వ్యాసం 27 మి.మీ. చిల్లరే. మీ స్టీరర్ 28.6 మి.మీ., కాబట్టి ఎక్కదు. 32 మి.మీ. పీవీసీ పైపులో లోపలి కొలత 29 వచ్చేదాన్ని షాపులోనే కొలిచి ఎంచుకోండి. పాత రేసును తలకిందులుగా కొత్తదాని మీద పెట్టి, దానిపై పైపుతో తట్టితే దెబ్బ సమానంగా పడుతుంది. ఇక్కడ మాత్రం సుత్తి వాడక తప్పదు. రేసుకు చీలిక ఉంటే అదీ అక్కర్లేదు, చేత్తోనే దిగుతుంది.

అన్నీ అమర్చాక స్టెమ్ (హ్యాండిల్‌ను స్టీరర్‌కు పట్టి ఉంచే భాగం) బోల్టులు వదులుగా ఉంచి, పై మూత బోల్టును కొద్దికొద్దిగా బిగించండి. ముందు బ్రేకు పట్టి, రెండో చేతి వేళ్లు కింది కప్పుకూ ఫోర్కుకూ మధ్య ఆనించి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి. వేళ్లకు కదలిక తెలిస్తే ఇంకాస్త బిగించాలి. ముందు చక్రం పైకెత్తినప్పుడు హ్యాండిల్ తానుగా పక్కకు వాలకుండా మధ్యలో ఆగిపోతే ఎక్కువ బిగించినట్టు. రెండూ లేనప్పుడే స్టెమ్ బోల్టులు బిగించండి, ఫోర్కును పట్టి ఉంచేవి అవే.