మారిషస్ తెలుగు మిత్రుడికి ముత్తాత ఊరు చూపించాలంటే కోరంగి నుంచి మొదలుపెట్టాలా?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: మారిషస్‌లో పుట్టి పెరిగిన మీ సహోద్యోగి సెలవు పెట్టి ఆంధ్రా వస్తున్నాడు. వాళ్ళ ముత్తాతలు చెరకు తోటల్లో పనికి ఓడెక్కి వెళ్ళారు. అక్కడ తెలుగువాళ్ళని కోరంగీలు అంటారు కాబట్టి కోరంగి రేవులో మొదలుపెట్టి పాత దారి పట్టుకుని ఊరు వెతుకుదామనుకుంటున్నారు.

వద్దండి. కోరంగి చివర్లో చూడండి, లేదా అసలు మానేయండి. ఆయన వెతుకులాట మారిషస్‌లోనే, విమానం ఎక్కకముందే మొదలవ్వాలి. ఇక్కడ దిగాక చేసేది ఆఖరి పాతిక శాతం పని.

ముందు కోరంగి సంగతి. 1830లలో ఆ రేవు నుంచి కూలీలు వెళ్ళిన మాట నిజమే. 1839 నవంబరు తుపానులో ఆ ఊరు కొట్టుకుపోయింది, మళ్ళీ పాత వైభవం రాలేదు. గోదావరి మేట వేసి రేవు పూడిపోయింది, వర్తకమంతా కాకినాడకి తరలింది. అంతకన్నా ముఖ్యం చట్టం. 1839లో కూలీల ఎగుమతిని ఆపేశారు. 1842లో మారిషస్‌కి మళ్ళీ అనుమతించినప్పుడు కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవుల నుంచి మాత్రమే పంపాలన్నారు. కాబట్టి మీవాడి ముత్తాత 1850లలోనో 60లలోనో వెళ్ళి ఉంటే ఎక్కిన రేవు మద్రాసు, కొందరికి కలకత్తా. కోరంగి అన్నది మొదటి తరానికి పడిన పేరు, అదే అందరికీ అంటుకుంది. శ్రీకాకుళం వాడూ కోరంగే, నెల్లూరు వాడూ కోరంగే. ఈ ముక్క చెప్పకుండా మడ అడవుల్లో చెక్కవంతెన మీద నిలబెట్టి ఫోటోలు తీసి "ఇదే మీ పూర్వీకుల నేల" అని పంపించేసే టూర్ ప్యాకేజీలంటే నాకు ఒళ్ళుమంట.

ఇక చేయాల్సిన పని. 1834 నుంచి 1910 దాకా మారిషస్‌లో ఒప్పంద కూలీలుగా దిగిన ప్రతి మనిషికీ అక్కడి ప్రభుత్వం ఒక నంబరు ఇచ్చింది. ఆ నంబరు దొరికితే సగం దారి దాటినట్టే. ఇంట్లో ఉన్న పాత జనన, వివాహ, మరణ పత్రాలు తిరగేయమనండి. ఆ కాలపు పత్రాలు ఫ్రెంచిలో ఉంటాయి. మనిషి పేరు పక్కన ఇమ్మిగ్రెంట్ నంబరు అంకెల్లో రాసి ఉంటుంది. ఇంట్లో లేకపోతే అక్కడి సివిల్ స్టేటస్ ఆఫీసులో తన జనన పత్రం నుంచి తండ్రిది, తాతది, ఆయన తండ్రిది వరసగా వెనక్కి తీసుకుంటూ పోవాలి. ఒక్క మెట్టు తప్పితే ఆ పైన దొరికిందంతా ఇంకొకరి వంశం.

ఆ పత్రాల గొలుసు పట్టుకుని మారిషస్‌లోనే మోకా అనే ఊళ్ళో ఉన్న మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళాలి. వలస కూలీల రిజిస్టర్లు అక్కడే ఉన్నాయి. వంశస్థుడినని పత్రాలతో చూపిస్తే ఆ మనిషి వివరాలు తీసి ఇస్తారు: పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటి మీది మచ్చలు, ఓడ పేరు, దిగిన తేదీ, జిల్లా, తాలూకా, ఊరు, పంపిన తోట. 1860ల తర్వాత వచ్చినవాళ్ళలో కొందరి ఫోటోలు కూడా దొరుకుతాయి. భార్యకి వేరే నంబరు ఉంటుంది, చాలాసార్లు వేరే ఓడ కూడా. ఇద్దరివీ తీయించమనండి, భర్త కాగితంలో చెరిగిపోయిన ఊరు భార్య కాగితంలో స్పష్టంగా ఉండొచ్చు. ధ్రువీకరించిన నకలు ఒకటి అదనంగా తీసుకోమనండి. ఏడో తరం దాకా భారత సంతతి మారిషస్ వాళ్ళకి ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనవాళ్ళకి భారత ప్రభుత్వం ఇచ్చేది) ఇచ్చే ప్రత్యేక ఏర్పాటుని 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము మారిషస్‌లోనే ప్రకటించారు, ఆ పనికీ ఈ కాగితాలు అక్కరకొస్తాయి.

ఇంటిపేరు పట్టుకుని ఫేస్‌బుక్‌లో వెతకడం దండగ. అక్కడ ఇంటిపేరుగా చలామణీ అవుతున్నది మొదట దిగినవాడి సొంత పేరు. అప్పలస్వామి కొడుకులందరికీ అప్పలస్వామే ఇంటిపేరైపోయింది, మన లెక్కలో ఉండాల్సిన ఇంటిపేరు రిజిస్టరు గుమ్మం దగ్గరే రాలిపోయింది. అలాగని ఆ పేరు పనికిరాదని కాదు, అది ప్రాంతాన్ని చెబుతుంది. అప్పలస్వామి, సింహాద్రి, అప్పన్న, సన్యాసి అంటే కళ్ళు మూసుకుని ఉత్తరాంధ్ర అనుకోండి. నూకరాజు, నూకయ్య అయితే అనకాపల్లి, తుని వైపు. పైడయ్య, పైడిరాజు విజయనగరం చుట్టుపక్కల. కోటయ్య అయితే కోటప్పకొండ చుట్టూ గుంటూరు సీమ, పెంచలయ్య నెల్లూరు, ఓబులేసు కడప, కర్నూలు. మారిషస్ తెలుగు ఇళ్ళలో ఇప్పటికీ సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండగ జరుగుతాయి. వాళ్ళలో ఎక్కువమంది మూలం ఎటువైపో చెప్పడానికి నాకింతకన్నా రుజువు అక్కర్లేదు. డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుంటామనే వాళ్ళకి ఒకటే మాట: అది దక్షిణ భారతం అని చెబుతుంది, ఆ సంగతి మనకి ముందే తెలుసు.

అసలు చిక్కు కాగితంలోని ఊరి పేరు చదవడంలో ఉంది. అక్కడ ఆగి నెమ్మదిగా పని చేయాలి. ఒక నమూనా తీసుకుందాం. జిల్లా గంజాం, తాలూకా చికాకోల్, ఊరు "కోటావల్సా" అని ఉందనుకోండి. గంజాం అనగానే అందరూ ఒడిశా పరిగెడతారు. కానీ 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం అన్నీ గంజాం జిల్లాలోవే. చికాకోల్ అంటే శ్రీకాకుళమే. అప్పుడు ఆ ప్రాంతాన్ని విశాఖ జిల్లాలో కలిపారు, 1950లో శ్రీకాకుళం జిల్లా చేశారు. సరే, ఊరు కొత్తవలస కావచ్చు. కారు డ్రైవరుకి ఆ పేరు చెబితే విజయనగరం జిల్లాలోని రైల్వే జంక్షన్‌కి తీసుకుపోయి దింపుతాడు. ఆ ఊరు పాత విశాఖపట్నం జిల్లాలోది, గంజాం కాగితంతో దానికి సంబంధం లేదు. కొత్తవలసలు ఉత్తరాంధ్రలో చాలా ఉన్నాయి. పైగా మన 'త్త'ని గుమాస్తా 'ట్ట' కింద రాస్తాడు, 'ట' 'డ' 'ళ' 'ర' ఒకదానికొకటి మారిపోతాయి, పొట్టి అచ్చు పొడుగవుతుంది. అంచేత అది కోటవలస కావచ్చు, గొట్టివలస కూడా కావచ్చు. కాగితం చూసి చదవొద్దు. ఆ ప్రాంతపు మనిషి చేత ఊళ్ళ పేర్లు పైకి చదివించి, ఏది ఆ రాతకి దగ్గరగా వినిపిస్తుందో గుర్తుపెట్టండి.

ఇలా మూడు నాలుగు ఊళ్ళు మిగిలాక తగ్గించడానికి మంచి ఉపాయం పక్క నంబర్లు. కూలీలని పోగుచేసింది మేస్త్రీలు, తోటల నుంచి తిరిగొచ్చిన పాత కూలీలు. వాళ్ళు సొంత ఊరి నుంచి, చుట్టాల నుంచి గుంపుగా తీసుకెళ్ళేవాళ్ళు. అదే ఓడలో మీవాడి ముత్తాత నంబరుకి ముందు పది, వెనక పది చూపించమని అడగండి. పక్కవాళ్ళ ఊళ్ళు ఆమదాలవలస, నరసన్నపేట వైపు ఉంటే మీ కొత్తవలస కూడా ఆ దరిదాపుల్లోదే. ఆర్కైవ్‌కి వెళ్ళిన చాలామంది తమ నంబరు ఒక్కటే తీసుకుని సంబరంగా బయటికొచ్చేస్తారు, తర్వాత ఇక్కడ ఎండలో తిరుగుతారు.

మిగతా పాత పేర్లలో కోకనాడ అంటే కాకినాడ, ఎల్లూర్ అంటే ఏలూరు, బింలీపటం భీమునిపట్నం, మసూలిపటం మచిలీపట్నం. కులం దగ్గర జెంటూ అని ఉంటే అది కులం కాదు, అప్పటి ఇంగ్లీషువాళ్ళు తెలుగువాళ్ళని అలా పిలిచేవారు. రాజమండ్రి జిల్లా అని ఉంటే అది 1859కి ముందు కాగితం, ఆ ఏడాదే గోదావరి, కృష్ణా జిల్లాలు ఏర్పడ్డాయి. కృష్ణా అని ఉన్నంత మాత్రాన బందరు వెళ్ళక్కర్లేదు. 1904 దాకా గుంటూరు చాలావరకు అందులోదే, ఇప్పటి పశ్చిమగోదావరిలో పెద్ద భాగం 1904 నుంచి 1925 దాకా అందులోదే. ఇక 2022 ఏప్రిల్ 4న 26 జిల్లాలు చేశాక కొత్త జిల్లా పేరుతో వెతికితే అడుగడుగునా తికమక. పాత తాలూకా కేంద్రాన్నే గుర్తుగా పెట్టుకుని చుట్టుపక్కల మండలాలు చూడండి.

ఊళ్ళ జాబితాకి 2011 జనాభా లెక్కల జిల్లా పుస్తకాలు చాలు. మీభూమి వెబ్‌సైటులో రెవెన్యూ గ్రామాల పటాలు ఉన్నాయి. రెండిట్లోనూ దొరకలేదంటే అది శివారు పల్లె అయి ఉంటుంది. సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్లలో అలాంటి పల్లెలు కనిపిస్తాయి. భూమి రికార్డుల్లో ముత్తాత పేరు దొరుకుతుందని మాత్రం ఆశ పెట్టకండి. ఓడెక్కినవాళ్ళలో ఎక్కువమందికి పట్టా లేదు. ఉత్తరాంధ్రలో చాలా ఊళ్ళు జమీందారీలవి, వాటికి సెటిల్‌మెంటు రికార్డు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైందే. తహసీల్దారు ఆఫీసులో డైగ్లాట్ (పాత భూమి రిజిస్టరు) కోసం రెండు రోజులు కూర్చోవడం కన్నా ఊళ్ళో రామాలయం అరుగు మీద గంట కూర్చోవడం నయం.

ప్రయాణం సంక్రాంతికి పెట్టుకోండి. ఆ జిల్లాల జనం హైదరాబాదు, చెన్నై, విశాఖల్లో పనులకి పోయి ఉంటారు, భోగి నుంచి కనుమ దాకా ఊళ్ళో దొరుకుతారు. ఊడ్పుల వేళ, కోతల వేళ వెళితే ఎవరూ మాట్లాడరు, తప్పు వాళ్ళది కాదు. ముందు గ్రామ సచివాలయంలో చెప్పి వెళ్ళండి. మొదటి వాక్యంలోనే "భూమి కోసం కాదండి, వాటా కోసం కాదండి, ఊరు చూసుకుని పోదామని" అనాలి. ఫారిన్ నుంచి వంశస్థుడు దిగాడంటే నోళ్ళు మూతపడటానికి అసలు కారణం ఆ భయమే. కెమెరా బయటికి తీయడం ఆ మాట తర్వాతే. కాగితంలోని ఒంటి మచ్చలు, ఎత్తు చదివి లాభం లేదు. తండ్రి పేరు, కొడుకు పేరు జంటగా చెప్పండి, కులం చెప్పండి, ఇంట్లో కొలిచే అమ్మవారి పేరు చెప్పండి. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు వల్ల అదే జంట రెండు తరాల తర్వాత ఏదో ఒక ఇంట్లో బతికి ఉంటుంది. కొన్ని కులాలకి వంశాలు చెప్పే వంశరాజులు ఉంటారు, పాతవాళ్ళు పిచ్చికుంట్ల అనేవారు. ఆ ఊరికి ఇప్పటికీ వస్తుంటారేమో అడగండి, వస్తుంటే రెవెన్యూ రికార్డు మొత్తం కన్నా వాళ్ళకే ఎక్కువ తెలుసు.

దారి మీద మనసుంటే ఊరి నుంచి పదహారో నంబరు జాతీయ రహదారి మీదుగా చెన్నై దాకా వెళ్ళండి. పాత మద్రాసు, కలకత్తా రోడ్డు సుమారుగా అదే. ఈ తీరం వెంట రైలు 1890లలో గాని రాలేదు, అంతకుముందు వెళ్ళినవాళ్ళు ఈ బాటన నడిచారు, లేదంటే తీరం పడవలెక్కారు. అటు పోర్ట్ లూయిస్‌లో దిగిన చోటు ఆప్రవాసీ ఘాట్, 2006లో యునెస్కో జాబితాలో చేరింది. మీవాడు ఎలాగూ చూసే ఉంటాడు.

ఊళ్ళో ఒక ముసలాయన "ఔను, మా తాత తమ్ముడు రంగం పోయాడు, మళ్ళీ రాలేదు" అనగానే కావలించుకుని కళ్ళనీళ్ళు పెట్టుకోకండి. రంగం అంటే రంగూన్. ఉత్తరాంధ్రలో సముద్రం దాటిన ప్రతివాడూ రంగమే పోయినట్టు చెబుతారు. బర్మా వలస చాలావరకు తర్వాతి తరాలది, 1942లో జపాన్ వాళ్ళు వచ్చేదాకా రాకపోకలు సాగాయి. ఆ తాత తమ్ముడు డబ్బు పంపేవాడా, మధ్యలో ఒకసారైనా వచ్చి వెళ్ళాడా అని అడగండి. ఔనంటే చాలావరకు ఆయన బర్మా మనిషే. ఎప్పుడు పోయాడో ఎవరికీ తెలియదు, పేరు మాత్రం మిగిలింది అంటే అప్పుడు కాగితం తీసి తండ్రి పేరు పోల్చి చూడండి.