డెండ్రోబియం ఆర్కిడ్‌కు గడ మీద పిల్లలు వస్తే ఎప్పుడు, ఎట్లా వేరు చేయాలి?

ప్రశ్న: రెండేళ్ల కింద హైదరాబాద్ నర్సరీ నుంచి ఊదా రంగు డెండ్రోబియం ఆర్కిడ్లు నాలుగు తెచ్చాను. మొదటి ఏడాది బాగా పూశాయి. ఈసారి పూలు రాలేదు, గడల పై కణుపుల దగ్గర చిన్న మొక్కలు పుట్టి వేర్లు వేస్తున్నాయి. ఏప్రిల్‌లో రెండు పిల్లలను కోసి ఎర్రమట్టి, వర్మికంపోస్టు కలిపిన కుండీలో పెడితే కుళ్లిపోయాయి. పదిహేను రోజులకోసారి యూరియా కలిపిన నీళ్లు పోస్తున్నాను, మిగతా రోజుల్లో బోరు నీళ్లే. మిగిలిన పిల్లలను ఎట్లా బతికించుకోవాలి? షేడ్‌నెట్ వేసి ఇవే పెంచి అమ్ముకోవచ్చా?
– ఒక మహిళా రైతు, దేవరకొండ, నల్గొండ జిల్లా

జవాబు: అమ్మా, మిగిలిన పిల్లలను ఇప్పుడే ముట్టుకోకండి. ముందు తల్లి మొక్కను కుండీలోంచి మెల్లగా తీసి వేర్లు చూడండి. డెండ్రోబియంలో పూమొగ్గ రావాల్సిన కణుపు దగ్గర పిల్ల మొలిచిందంటే చాలాసార్లు తల్లికి ఏదో ఇబ్బంది ఉన్నట్టే. నత్రజని ఎక్కువైనా, చలికాలంలో నీళ్లు తగ్గించకపోయినా, వెలుతురు చాలకపోయినా, వేర్లు కుళ్లినా ఇట్లాగే జరుగుతుంది. మీ విషయంలో యూరియా మీదే నాకు మొదటి అనుమానం. దాన్ని ఈరోజే ఆపేయండి.

మంచి వేరు తెల్లగానో బూడిద రంగులోనో ఉండి, నొక్కితే గట్టిగా తగులుతుంది. కుళ్లిన వేరు గోధుమ రంగుకు తిరిగి, వేళ్లతో లాగితే పైతోలు జారిపోయి లోపల దారం మాత్రం మిగులుతుంది. అట్లాంటివన్నీ కత్తిరించి తల్లిని కొత్త బొగ్గు, ఇటుక ముక్కల్లోకి మార్చండి. వేర్లలో సగానికి పైగా పోయి ఉంటే ఆ తల్లి బతుకుతుందన్న నమ్మకం తక్కువ. అప్పుడు ఈ పిల్లలే మీకు ఆధారం. పిల్ల తల్లికి అచ్చమైన నకలు కాబట్టి, తల్లి పోయినా అదే ఊదా రంగు పూలు మీకు మిగులుతాయి.

ఏప్రిల్‌లో పెట్టినవి పోవడానికి పెద్ద కారణం మట్టి. ఈ జాతి అడవిలో చెట్ల కొమ్మలను పట్టుకుని బతుకుతుంది. దాని వేరు మీద స్పాంజిలాంటి తెల్లటి పొర ఉంటుంది. వాన పడగానే ఆ పొర నీళ్లు పీల్చుకుని, మళ్లీ గాలికి ఆరాలి. మట్టిలో పూడిస్తే ఆ పొర ఆరదు, వేరుకు ఊపిరాడదు. వర్మికంపోస్టు ఎంత మంచి ఎరువైనా ఇక్కడ చేటే చేస్తుంది. దానికి తోడు మన ఏప్రిల్ ఎండలు, పొడి గాలి. వేరు కుదురుకోని పిల్ల వాటికి తట్టుకోలేదు.

మన దగ్గర పిల్లను వేరు చేయడానికి సరైన అదను మృగశిర కార్తె దాటి, నాలుగు వానలు పడి గాలిలో తేమ పెరిగాక. జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా ఎప్పుడైనా చేయవచ్చు. అప్పటికి పిల్లకు రెండు మూడు ఆకులు, కనీసం మూడు వేర్లు, ఒక్కో వేరు రెండు అంగుళాల పైన ఉండాలి. అంత లేకుంటే తల్లి మీదే ఉంచండి. వేర్లు రానే రాకుంటే తడిపిన కొబ్బరి పీచును పిల్ల మొదట్లో వదులుగా చుట్టి, ఆరకుండా నీళ్లు చిలకరిస్తూ ఉండండి.

పిల్ల ఉన్న గడ ఆకులు రాలి ముసలిదైతే, ఆ కణుపుకు అంగుళం పైన, అంగుళం కింద గడనే కోసి ముక్కతో సహా తీయండి. వేరు మొదలుకు దెబ్బ తగలదు. గడ పచ్చగా ఉంటే మాత్రం కోయవద్దు, తల్లి తిండి దాచుకునేది అందులోనే. అప్పుడు పిల్లను మొదట్లో మాత్రమే కోసి తీయాలి. ఒక్కో మొక్కకు ముందు బ్లేడును మంటలో కాల్చండి. సింబిడియం మొజాయిక్ వంటి వైరస్‌లు కోసిన కత్తి ద్వారా ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు పాకుతాయి. ఆకుల మీద పసుపు చారలు, నల్లటి గుంటలు ఉన్న తల్లి నుంచి పిల్లలను తీసుకోవద్దు. కోత మీద మాత్రమే దాల్చిన చెక్క పొడి అద్దండి, వేర్లకు తగలనీయకండి, తగిలితే వాటిని ఎండబెడుతుంది. డెండ్రోబియంకు రాగి మందులు పడవు, కాపర్ ఆక్సీక్లోరైడ్ జోలికి పోకండి.

నాటే ముందు వేర్లను పది నిమిషాలు నీళ్లలో ఉంచితే మెత్తబడి విరగవు. మూడు అంగుళాల కుండీ చాలు, అడుగున, పక్కలకు రంధ్రాలు ఉండాలి. కట్టెబొగ్గు, ఇటుక ముక్కలు రెండు వంతులు, కొబ్బరి డొక్క ముక్కలు ఒక వంతు కలపండి. డొక్కను మూడు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టాకే వాడాలి. మొదలు పైకే ఉండాలి, పూడకూడదు. చిన్న పుల్లకు కట్టేయండి, ఊగితే లేత వేరు కొసలు విరిగి ఎదుగుదల ఆగిపోతుంది.

ఇక నీళ్లు. నల్గొండ జిల్లాలో ఆర్కిడ్ పెంచేవాళ్లందరికీ నేను గట్టిగా చెప్పేది ఇదే. చాలా ఊళ్లలో బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ, ఫ్లోరైడ్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఆ ఉప్పు, నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా గట్టిపడ్డట్టే బొగ్గు మీద, వేరు మీద పేరుకుంటుంది. వేరు కొసలు నల్లబడి మాడతాయి. డాబా మీద పడ్డ వాన నీళ్లను డ్రమ్ముకు పట్టి పెట్టుకోండి. అవి అయిపోతే మిషన్ భగీరథ నీళ్లను రాత్రంతా మూత తీసి ఉంచి, పొద్దున పోయండి. వేరు వెండి రంగులో కనబడితే నీళ్లు కావాలి, పచ్చగా ఉంటే వద్దు. రోజుకు ఇన్నిసార్లని లెక్క పెట్టుకోవద్దు. సాయంత్రం పూట లేత చిగురులో నీళ్లు నిలవనీయకండి.

మొదటి రెండు నెలలు 75 శాతం నీడ, తర్వాత 50 శాతం షేడ్‌నెట్ కింద పొద్దుటి వెలుతురు తగిలేలా పెట్టండి. కొత్త వేరు కొసలు పచ్చగా కనబడ్డాకే ఎరువు ఇవ్వాలి. నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19-19-19 ఎరువును లీటరు నీళ్లకు అర గ్రాము, వారానికోసారి, నెలలో ఒక వారం వట్టి నీళ్లు. ఎండాకాలంలో కంకర పరిచిన పళ్లెంలో నీళ్లు పోసి, కుండీ అడుగు నీళ్లకు తగలకుండా పైన నిలపండి. పిండినల్లి కనిపిస్తే తడి గుడ్డతో తుడిచేస్తే చాలు. పూత చూడడానికి రెండు మూడేళ్లు పట్టవచ్చు.

అమ్మకం సంగతి. గడ మీది పిల్లలతో వ్యాపారం నడవదమ్మా, అవి వచ్చేది కొద్దిగానే. విత్తనంతోనూ ఇంట్లో పని కాదు. ఒక్క కాయలో లక్షల గింజలు ఉన్నా అవి దుమ్ములా ఉంటాయి, లోపల తిండి ఉండదు, శిలీంధ్రం తోడు లేకుండా మొలవవు. 1922లో అమెరికా వృక్షశాస్త్రవేత్త లూయిస్ నడ్సన్ చక్కెర కలిపిన మాధ్యమంలో మొలిపించి చూపినప్పటి నుంచి అది ప్రయోగశాల పనిగానే సాగుతోంది. పెద్ద తోటలన్నీ ప్రయోగశాలలో పెరిగిన మొక్కలే పెడతాయి. మన పొడి వేడిలో కోత పూల కోసం ఆర్కిడ్ పెట్టాలంటే వట్టి షేడ్‌నెట్ చాలదు, చల్లబరిచే పాలీహౌస్ కావాలి, ఆ ఖర్చు చిన్నది కాదు. అప్పు చేసి దిగవద్దని నా మాట. పూల సాగే చేయాలనుకుంటే బంతి, చామంతి మీ నేలకు నప్పుతాయి. పొలం చూపించి మాట్లాడాలంటే కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లండి.

ఇంకొక్క మాట. నల్లమల మీకు దగ్గరే కాబట్టి అక్కడి చెట్ల మీది ఆర్కిడ్లు తెచ్చిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. తెంపి తెచ్చినవి ఇంట్లో బతికేది అరుదు, అడవిలో అవి మళ్లీ పుట్టడానికి ఏళ్లు పడుతుంది. మీ నాలుగు మొక్కల పిల్లలు చేతికొచ్చాక మిగిలినవాటిని ఇరుగుపొరుగుకు కుండీ లెక్కన అమ్ముకోండి, దానికి షేడ్‌నెట్ కూడా అక్కర్లేదు, తూర్పు వసారా చాలు.