కార్పెట్ ఎత్తి చూడనిదే అడ్వాన్స్ ఇవ్వొద్దు

అమ్మలూ,

మీరు సెవెన్ సీటర్ చూస్తున్నారని, అదీ సెకండ్ హ్యాండ్‌లో అని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. రెండో బిడ్డ వచ్చేలోపే తెచ్చుకోవాలని ఆరాటం. అప్పు మీద అప్పు చేసి కొత్తదాని జోలికి పోకుండా చేతిలో ఉన్నదాంతో సర్దుకుంటున్నారంటే ముచ్చటేసింది. కానీ చెన్నైలో పాత బండి అనేసరికి గుండె గుభేల్‌మంది. ఇందులో సగం మీకు తెలిసినవే ఉంటాయి. విసుక్కోకుండా చదివి, అల్లుడుగారి చేత కూడా చదివించు.

ఏ బండి అన్నది మీ ఇష్టం. ఇన్నోవా క్రిస్టా పొడవు 4,735 మిల్లీమీటర్లు, ఫార్చ్యూనర్ 4,795. వెడల్పు రెండిటికీ 1,800 పైనే. ముందు మీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో టేపు పెట్టి కొలవండి. స్తంభం పక్క స్లాట్ అయితే బండి పట్టినా తలుపు తెరుచుకోదు, నెలల పిల్లను ఎత్తుకుని ఎలా దిగుతావు?

ఇక అసలు సంగతి. మార్కెట్ రేటు కంటే లక్ష తక్కువకు వస్తోందని అల్లుడుగారు సంబరపడుతున్నారట. ఇంత చదువుకున్నారు, ఆ లక్ష ఎందుకు తగ్గించాడో అడగరా? 2015 డిసెంబరులో అడయార్ నది పొంగినప్పుడు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానప్పుడు వేలచ్చేరి, పళ్లికరణై, ముడిచ్చూరు వైపు బండ్లు ఎలా మునిగాయో ఆ ఊళ్లో ఉన్న మీకు నేను చెప్పాలా? పెద్దవాన అనగానే జనం వేలచ్చేరి ఫ్లైఓవర్ మీద కార్లు వరసగా నిలబెట్టేది ఆ భయంతోనే. మునిగినవన్నీ తుక్కుకు పోవు. బాగుచేయించడం దండగని ఇన్సూరెన్స్‌లో టోటల్ లాస్ కింద తేల్చినవి వేలానికి వస్తాయి. వాటిని కొని కడిగి, ఆరబెట్టి, కొత్త సీటు కవర్లు తొడిగి అమ్మేవాళ్లు ఉంటారు. కొనేవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్న పొరపాటు ఒకటే: పైన పెయింటు చూసి మురిసిపోతారు, కింద కార్పెట్ ఎత్తి చూడరు.

మునిగిన బండి మొదట్లో బాగానే తిరుగుతుంది, అదే దాంతో వచ్చిన చిక్కు. వైరింగ్ కనెక్టర్లలో రాగికి చిలుము పట్టడానికి టైం పడుతుంది. ఆ తర్వాత ఒకనాడు పవర్ విండో దిగదు, ఇంకోనాడు బ్రేకుల ఏబీఎస్ లైటు వెలుగుతుంది. మెకానిక్ సెన్సర్ మీద సెన్సర్ మారుస్తూ పోతాడు, రోగం మాత్రం వైర్లలోనే ఉంటుంది. వీటన్నిటికన్నా నాకు భయం ఎయిర్‌బ్యాగ్. దాని కంట్రోల్ యూనిట్ చాలా బండ్లలో గేర్ లివర్ దగ్గర, నేలకు ఆనుకునే ఉంటుంది. మోకాలెత్తు నీళ్లు లోపలికొస్తే ముందు తడిసేవాటిలో అదొకటి. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కొన్ని సెకన్లకు ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగనే వెలగకపోతే, లోపం కనబడకుండా ఎవరో దాన్ని పీకేశారేమోనని అనుమానించాలి.

చూసేటప్పుడు ఇలా చూడండి. అద్దాలన్నీ మూయించి కాసేపాగి తలుపు తీస్తే ముక్కిన వాసన రాకూడదు. సెంటు ఘాటుగా కొడితే ఇంకా అనుమానించాలి. సీటు బెల్టుల్ని చివరిదాకా లాగండి. పైపైన కడిగినా లోపల చుట్టుకున్న భాగంలో బురద చార మిగిలిపోతుంది. గడప దగ్గరి ప్లాస్టిక్ పట్టీ తీయించి కార్పెట్ మూల ఎత్తండి. కింద స్పాంజి గట్టిగా నొక్కి చూడండి, వేలికి తడి గానీ ఒండ్రు గానీ అంటకూడదు. పాత బండికి కార్పెట్ మాత్రం కొత్తగా ఉంటే ఎందుకు మార్చారో అడగండి. ఇన్నోవా, ఫార్చ్యూనర్‌లకు స్టెప్నీ బండి అడుగున వేలాడుతుంది కాబట్టి ఒండ్రు కోసం అక్కడ వెతికి లాభం లేదు, జాకీ పెట్టే అరలో చూడండి.

తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ వైపు ఉప్పుగాలికి బండి అడుగున కాస్త తుప్పు మామూలే, దానికి బెదిరిపోనక్కర్లేదు. డ్యాష్‌బోర్డు కింద స్టీరింగ్ బ్రాకెట్‌కో, సీటు పట్టాల బోల్టులకో తుప్పుంటే మాత్రం అది గాలి పని కాదు. వెనక యాక్సిల్ ఆయిల్ బోల్టు విప్పించండి. లోపలి ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే. వేడిగా ఉన్న యాక్సిల్ నీళ్లలో దిగి చల్లబడేటప్పుడు గాలాడే బ్రీదర్ గొట్టంలోంచి నీళ్లు లాక్కుంటుంది. మునిగినప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేసి ఉంటే పిస్టన్‌కు తగిలించిన కనెక్టింగ్ రాడ్ వంగి ఉండొచ్చు. అప్పుడు సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్టులో ఒక సిలిండర్ వెనకబడుతుంది. ఓనర్‌ను ఒప్పించి సర్వీస్ సెంటర్లో రికార్డు, ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిముల వివరం తీసుకోండి. ఓనర్ నసిగితే లేచి వచ్చేయండి.

మిగతావి చప్పున చెప్పేస్తా. మీరు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలి. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. టైరు మీద నాలుగంకెలు 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. ఇన్నోవా అయితే ఒకప్పుడు ట్యాక్సీగా తిరిగి తర్వాత సొంత బండిగా మారిందేమో ఆర్టీవో రికార్డులో చూడండి. 2020 ఏప్రిల్ తర్వాతి, బీఎస్6 కాలుష్య నిబంధనల డీజిల్ బండి అయితే పొగగొట్టం దారిలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) ట్రాఫిక్‌లో పాకుతూ రోజూ ఆఫీసుకు తప్ప ఎక్కడికీ తిప్పకపోతే అది పూడుకుపోతుంది. అప్పుడప్పుడూ హైవే మీద ఓ అరగంట పరుగెత్తించాలి. నెల్లూరు రావడానికి అదీ ఒక వంక అనుకో.

చిన్నప్పుడు సుమో వెనక అడ్డసీట్లో కూర్చోబెడితే గూడూరు రాకముందే వాంతి చేసుకునేదానివి. ఇప్పుడు మూడో వరస కూడా ముందుకే చూస్తుంది గానీ, వెనక చక్రాల మీద కాబట్టి కుదుపు అక్కడే ఎక్కువ. అందుకే బండి చూడ్డానికి ఇంటిల్లిపాదీ వెళ్లండి, పిల్లల సీట్లు కూడా పట్టుకెళ్లండి. మధ్య వరసలో బెంచీ సీటు ఉండి, దానికి రెండు పిల్లల సీట్లు బిగిస్తే, దాన్ని మడిచి వెనక్కి వెళ్లే దారి మూసుకుపోతుంది. విడివిడిగా రెండు కెప్టెన్ సీట్లుంటే సందులోంచి వెళ్లొచ్చు, కానీ మోకాళ్ల నొప్పులతో మీ అత్తగారు దూరగలరో లేదో ఆవిడ్నే ఎక్కించి చూడు. పసిబిడ్డ సీటు వెనక్కి తిప్పి మధ్య వరసలోనే పెట్టాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో అలా పెట్టనే పెట్టొద్దు. పెద్దాణ్ణి కూడా వెనక తలుపుకు ఆనుకునే వరసలోకి పంపకు తల్లీ. హైవే మీద వెనకొచ్చే లారీలను తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

కాగితాలు: బండి మీ పేరుకు మారడానికి ఫారం 29, 30 మీద సంతకాలు. బండి మీద లోన్ ఉండి ఉంటే అది తీరిపోయినట్టు ఫారం 35, బ్యాంకు ఎన్‌వోసీ. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీవో ఎన్‌వోసీ, అంటే ఫారం 28 కూడా కావాలి, తమిళనాడులో రోడ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, లెక్కేసుకోండి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోండి. క్లెయిము చేయనందుకు పాత ఓనర్‌కు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, మీకు రాదు, ఆ తేడా మీరే కట్టాలి.

అడ్వాన్స్ ఇచ్చేముందు ఆర్సీ, ఇన్సూరెన్స్ ఫొటోలు నాకు వాట్సాప్‌లో పంపు. చూడ్డానికి వెళ్లినప్పుడు వీడియో కాల్ చేయండి, ఏది విప్పించాలో నేను చెబుతా. నువ్వు మాత్రం ఈ నెలల్లో వంగి బండి కిందికి తొంగిచూడొద్దు. కార్పెట్లెత్తే పని అల్లుడుగారిది, నువ్వు కుర్చీలో కూర్చుని ఫోన్ పట్టుకో చాలు.

మీ పెదనాన్న